‘అరుగుదల’ మాటున ఆవిరవుతున్న వారంటీ

* ఊగే వెనుక చక్రం.. తప్పించుకునే వారంటీ
* బుష్‌లు, రబ్బర్లు, సీళ్లు మినహాయింపుల జాబితాలోనే
* జాబ్‌కార్డులో రాయించుకున్నదే వినియోగదారుకు రక్ష

రామంతాపూర్: ఉప్పల్ కూడలి నుంచి రామంతాపూర్ మీదుగా అంబర్‌పేటకు, హబ్సిగూడ మీదుగా తార్నాకకు, అక్కడి నుంచి ఉస్మానియా విశ్వవిద్యాలయ ప్రాంగణంలోకి సాగే దారుల్లో ద్విచక్ర వాహనమే సామాన్యుడి రథం. విద్యార్థికి, చిరుద్యోగికి, ఇంటింటికీ ఆహారం, సరుకులు చేరవేసే యువకుడికి బండి నడిస్తేనే బతుకు నడుస్తుంది. అలాంటి బండి కొన్న కొద్దికాలానికే వెనుక భాగం ఊగుతూ, గుంత పడినప్పుడల్లా ‘టక్కు’మని శబ్దం చేస్తుంటే, వారంటీ ఉందన్న ధీమాతో యజమాని సర్వీసు కేంద్రానికి వెళతాడు. అక్కడ తరచుగా ఎదురయ్యే సమాధానం రెండే మాటలు: ‘సహజ అరుగుదల’. ఆ రెండు మాటలతో మరమ్మతు ఖర్చు కంపెనీ పద్దు నుంచి కొనుగోలుదారు జేబుకు మారిపోతుంది. ఆ మాటలో నిజమెంత, దాన్ని తేల్చవలసింది ఎవరు, కాదనుకున్నవారికి చట్టం చూపుతున్న దారి ఏమిటి అన్నవి వేలాది కుటుంబాలకు సంబంధించిన ప్రశ్నలు.

అరిగేవి ఏవి?

మోటారు సైకిల్ వెనుక చక్రాన్ని చట్రానికి కలిపి ఉంచేది స్వింగ్ ఆర్మ్. మెకానిక్కుల వాడుకలో ఇదే ‘చిమ్టా’. చట్రం వద్ద ఒక పొడవాటి బోల్టు ఆధారంగా ఇది పైకీ కిందికీ కదులుతుంది. బోల్టుకూ ఆర్మ్‌కూ మధ్య బుష్‌లు ఉంటాయి. వాహనాన్ని బట్టి ఇవి లోహంతోనో, నైలాన్‌తోనో, రబ్బరుతోనో తయారవుతాయి. కొన్ని ఖరీదైన బండ్లలో బుష్‌ల స్థానంలో బేరింగులు అమరుస్తారు. కుదుపును మింగే పని షాక్ అబ్జార్బర్లది. వాటిలో స్ప్రింగు బరువును మోస్తే, లోపలి నూనె స్ప్రింగు ఎగిరిపడకుండా అదుపు చేస్తుంది. ఆ నూనె బయటికి రాకుండా ఆపేది ఒక చిన్న సీలు. షాక్ పైనా కిందా బిగించే చోట మళ్లీ రబ్బరు బుష్‌లు ఉంటాయి.

వీటిలో బుష్, సీలు, రబ్బరు మూడూ చిన్న వస్తువులే. అయితే అవి పాడైతే వచ్చే ముప్పు చిన్నది కాదు. చిమ్టా బుష్ వదులైతే వెనుక చక్రం పక్కలకు ఊగుతుంది. మలుపులో బండి ఒక దారి, మనిషి ఒక దారి అన్నట్లు ఉంటుంది. గొలుసు ఒకవైపే అరిగి పళ్ల చక్రం నుంచి జారిపోయే ప్రమాదమూ ఉంది. వేగంలో గొలుసు జారి వెనుక చక్రం బిగుసుకుపోతే బండి పట్టు తప్పుతుంది. సీలు కారి నూనె పోయిన షాక్ చక్రాన్ని నేలకు అదిమి ఉంచలేదు. అప్పుడు బ్రేకు వేసినా బండి ఆగే దూరం పెరుగుతుంది.

దారులూ కారణమే

ఈ ప్రాంతపు రోడ్ల చరిత్ర తెలిసినవారికి బుష్‌లు ఎందుకు అరుగుతాయో విడమరచి చెప్పనక్కర లేదు. నాగోలు నుంచి అమీర్‌పేట వరకు మెట్రో రైలు 2017 నవంబరులో పరుగులు తీసింది. అంతకు ముందు కొన్నేళ్లపాటు ఉప్పల్, హబ్సిగూడ, తార్నాక దారి తవ్వకాలతోనే గడిచింది. 2018 మేలో ఒకవైపు ఉప్పల్-నారపల్లి ఎలివేటెడ్ కారిడార్‌కు, మరోవైపు అంబర్‌పేట పైవంతెనకు శంకుస్థాపన జరిగింది. అంబర్‌పేట వంతెనపైకి వాహనాలను అనుమతించింది 2025 ఫిబ్రవరిలోనే. రామంతాపూర్ రహదారి ఈ రెండింటి నడుమ ఉన్నది. అంటే రెండు చివరలా ఏళ్ల తరబడి గుంతలు, దారి మళ్లింపులే.

వేగ నిరోధకాల సంగతి వేరే చెప్పాలి. భారత రోడ్ల కాంగ్రెస్ ప్రమాణం ప్రకారం గుండ్రని వేగ నిరోధకం ఎత్తు 10 సెంటీమీటర్లు, వెడల్పు 3.7 మీటర్లు ఉండాలి. అంత వెడల్పున్న దిమ్మెపై బండి మెల్లగా ఎక్కి మెల్లగా దిగుతుంది. కాలనీ వీధుల్లో ఎవరికి తోచినట్లు వారు వేసుకున్న ఇరుకు దిమ్మెలపై అది ఎక్కదు, ఎగురుతుంది. ఆ దెబ్బ నేరుగా షాక్‌పై, అక్కడి నుంచి బుష్‌పై పడుతుంది.

నీరు మరో శత్రువు. 2020 అక్టోబరు కుండపోతకు హబ్సిగూడ, రామంతాపూర్ ప్రాంతాల్లో కాలనీలు నీట మునిగాయి. మునిగిన బండికి ఇంజిన్ శుభ్రం చేయించిన యజమానులు చిమ్టా బోల్టును మరచిపోవడం సహజం. లోపల గ్రీజు కొట్టుకుపోయి తుప్పు పడితే దాని ఫలితం నెలల తరువాత గాని బయటపడదు. బలమైన ధారతో చేసే వాటర్ వాషింగ్ కూడా గ్రీజును ఇలాగే తోసేస్తుంది.

పుస్తకంలో చిన్న అక్షరాలు

కంపెనీ వారంటీ అంటే తయారీలోనో, వాడిన పదార్థంలోనో లోపం ఉంటే ఆ భాగాన్ని ఉచితంగా బాగుచేయడం లేదా మార్చడం. వాడకం వల్ల అరిగే వాటిని అందులోంచి తప్పించడం పరిశ్రమలో సాధారణమే. బ్రేకు షూలు, క్లచ్ ప్లేట్లు, గొలుసు, కేబుళ్లు, ఫిల్టర్ల సరసన చాలా పుస్తకాల్లో రబ్బరు భాగాలు, బుష్‌లు, ఆయిల్ సీళ్లు కూడా కనిపిస్తాయి. చిక్కు ఇక్కడే మొదలవుతుంది. షాక్ అబ్జార్బర్‌కు వారంటీ ఉంటుంది. షాక్ ప్రాణమంతా ఉన్న సీలుకు ఉండకపోవచ్చు. స్వింగ్ ఆర్మ్‌కు ఉంటుంది. అది ఆధారపడి తిరిగే బుష్‌కు ఉండకపోవచ్చు. తలుపుకు హామీ ఇచ్చి బందుకు ఇవ్వనట్లు తయారైంది వ్యవహారం.

మరో మెలిక ‘ఏది ముందైతే అది’ అన్న షరతు. వారంటీ రెండేళ్లు లేదా 30 వేల కిలోమీటర్లు అనుకుందాం. రోజుకు 100 కిలోమీటర్లు తిరిగే డెలివరీ యువకుడు నెలకు పాతిక రోజులు పనిచేసినా ఏడాదికి 30 వేలకు చేరుతాడు. రెండేళ్ల వారంటీ అతనికి ఏడాదితోనే సరి. అదే రామంతాపూర్ నుంచి విశ్వవిద్యాలయానికి రోజూ ఎనిమిది కిలోమీటర్లు తిరిగే ఉద్యోగికి ఏడాదికి రెండు వేల పైచిలుకే. కాని రబ్బరు ఎండకు, వయసుకు కూడా పాడవుతుంది. అతనికి ఐదు వేల కిలోమీటర్లయినా తిరగకుండానే గడువు ముగుస్తుంది. ఎక్కువ తిరిగినవాడిని కిలోమీటర్లు, తక్కువ తిరిగినవాడిని క్యాలెండరు పట్టుకుంటాయి. ఇటీవల పలు కంపెనీలు గడువును ఐదేళ్ల వరకు పెంచాయి. గడువు పెరిగినా మినహాయింపుల జాబితా అలాగే ఉంటే వెనుక సస్పెన్షన్ విషయంలో ఒరిగేది కొంతే.

వాణిజ్య అవసరాలకు వాడితే వారంటీ వర్తించదని కొన్ని పుస్తకాలు చెబుతాయి. డెలివరీ పనిచేసేవారు కొనేముందే ఆ పేజీ చూసుకోవాలి. అయితే వినియోగదారుల చట్టం దృష్టి కొంత భిన్నం. కేవలం స్వయం ఉపాధితో జీవనోపాధి పొందడానికి కొన్న వస్తువును వాణిజ్య ప్రయోజనంగా లెక్కించరాదని 2019 చట్టం స్పష్టంగా చెబుతోంది. 1995లో సుప్రీంకోర్టు కూడా లక్ష్మీ ఇంజినీరింగ్ వర్క్స్ కేసులో ఈ భేదాన్ని వివరించింది. అంటే సొంత బండిపై సంపాదించుకునే యువకుడికి కమిషన్ గడప తొక్కే హక్కు పోదు.

అరుగుదలా.. లోపమా?

రెండింటికీ మధ్య గీత గీయడం అసాధ్యమేమీ కాదు. సహజ అరుగుదల నెమ్మదిగా, తిరిగిన దూరానికి తగినట్లు, ఇరువైపులా దాదాపు సమానంగా వస్తుంది. లోపం లక్షణాలు వేరు. తొలి ఉచిత సర్వీసులు ముగియకముందే షాక్ రాడ్‌పై నూనె కనిపించడం, రెండు షాక్‌లలో ఒకటే పాడవడం, బుష్ ఒక అంచున మాత్రమే కోసుకుపోవడం, కొత్తది వేసిన కొద్ది నెలలకే అదే చోట మళ్లీ ఆట రావడం వంటివి కనిపిస్తే అనుమానించాలి. బుష్ అదేపనిగా ఒకే అంచున తింటుంటే తప్పు బుష్‌ది కాక, ఆర్మ్ వెల్డింగులోనో, రంధ్రాల వరుసలోనో ఉండవచ్చు. అప్పుడు బుష్ ‘అరుగుదల’ వ్యాధి కాదు, వ్యాధి లక్షణం. లక్షణాన్ని మినహాయింపుల జాబితాలో వేసి వ్యాధిని వదిలేస్తే యజమాని బుష్‌లు కొంటూనే ఉండాలి.

అదే సమయంలో కంపెనీల వాదనలోనూ పస లేకపోలేదు. ముగ్గురు ఎక్కడం, వెనుక సీటుపై మోయలేని బరువు కట్టడం, ఎత్తు కోసం షాక్‌లు మార్చడం, గొలుసును మితిమీరి బిగించడం, సర్వీసులు ఎగ్గొట్టడం వంటివి ఏ భాగాన్నయినా ముందే తినేస్తాయి. వీటన్నిటి ఖర్చునూ తయారీదారు భరించాలనడం న్యాయం కాదు.

తేల్చేదెవరు?

అసలు లోటు ఇక్కడ ఉన్నది. లోపమా, అరుగుదలా అన్న నిర్ణయం మొదట సర్వీసు కేంద్రం సలహాదారు నోట వెలువడుతుంది. క్లెయిమును కంపెనీ తిరస్కరిస్తే నష్టం ఆ కేంద్రానిదే కనుక అతను తటస్థుడు కాడు. విచిత్రమేమిటంటే ఈ నాలుగైదు కిలోమీటర్ల పరిధిలో ప్రయోగశాలలకు కొదవ లేదు. తార్నాకలో ఐఐసీటీ, హబ్సిగూడలో ఎన్‌జీఆర్‌ఐ, సీసీఎంబీ, రామంతాపూర్‌లో కేంద్ర ఫోరెన్సిక్ సైన్స్ ప్రయోగశాల, జేఎన్ ప్రభుత్వ పాలిటెక్నిక్, ప్రాంగణంలో 1929లో ఏర్పడిన ఉస్మానియా ఇంజినీరింగ్ కళాశాల ఉన్నాయి. ఇన్ని ఉన్నచోట కూడా అరిగిన ఒక బుష్‌ను చూసి నిష్పాక్షికంగా కాగితంపై రాసిచ్చేవారు సామాన్యుడికి అందుబాటులో లేరు. మెకానికల్ విభాగాలున్న కళాశాలలు నామమాత్రపు రుసుముతో ఇటువంటి పరిశీలన చేసే ఏర్పాటు ఆలోచిస్తే విద్యార్థులకు అనుభవం, వినియోగదారులకు ఆధారం దక్కుతాయి.

చట్టం ఏం చెబుతోంది?

1986 నాటి చట్టం స్థానంలో వచ్చిన 2019 వినియోగదారుల రక్షణ చట్టం 2020 జులై 20 నుంచి అమల్లోకి వచ్చింది. ఫిర్యాదుదారు తాను నివసించే లేదా పనిచేసే చోటనే ఫిర్యాదు చేయవచ్చునన్నది ఇందులో పెద్ద ఊరట. బండి ఎక్కడ కొన్నా, రామంతాపూర్ వాసి మేడ్చల్-మల్కాజిగిరి పరిధిలోనూ, తార్నాకలో ఉద్యోగం చేసేవారు హైదరాబాద్ పరిధిలోనూ కేసు వేసుకోవచ్చు. చెల్లించిన ధర 50 లక్షల వరకు జిల్లా కమిషన్ విచారిస్తుంది. ఐదు లక్షల వరకు రుసుము లేదు. న్యాయవాదిని పెట్టుకోవడం తప్పనిసరి కాదు. వివాదానికి కారణం ఏర్పడిన నాటి నుంచి రెండేళ్లలోగా ఫిర్యాదు చేయాలి.

పరీక్షిస్తేగాని తేలని లోపమైతే వస్తువును తగిన ప్రయోగశాలకు పంపి 45 రోజుల్లోగా నివేదిక కోరే అధికారం 38వ సెక్షను కింద కమిషన్‌కు ఉంది. ఇందుకు రుసుమును ఫిర్యాదుదారు ముందుగా కట్టాలి. పరీక్ష అవసరమైన కేసులు ఐదు నెలల్లో ముగియాలన్నది చట్టం లక్ష్యం. అమ్మిన వస్తువుకు, చేసిన సేవకు బిల్లు ఇవ్వకపోవడం అనుచిత వ్యాపార పద్ధతి. సరైన పరీక్ష లేకుండా వస్తువు మన్నికపై హామీ ఇవ్వడమూ అంతే. పరీక్షించే హామీ ఇచ్చామంటే ఆ సంగతి నిరూపించవలసిన బాధ్యత చెప్పినవారిదే. ఇక లోపం వల్ల మనిషికి గాయమైతే 84వ సెక్షను ప్రకారం తయారీదారు బాధ్యత ప్రశ్న వస్తుంది. వస్తువును మార్చినా, దుర్వినియోగం చేసినా 87వ సెక్షను కింద విక్రేతకు రక్షణ ఉంది.

ఎంతవరకు ఆశించవచ్చన్నది కూడా తెలిసి ఉండాలి. వారంటీలో లోపమున్న భాగాన్ని మారుస్తామని ఉంటే, ఆ భాగాన్ని మార్చడమే వర్తిస్తుందని, మొత్తం వాహనాన్ని మార్చాలనడం చెల్లదని మారుతి ఉద్యోగ్ కేసులో సుప్రీంకోర్టు 2006లో తేల్చింది. అది కారు వివాదమే అయినా సూత్రం అన్ని వాహనాలకూ వర్తించేదే. అందువల్ల బుష్ పోయిందని కొత్త బండి అడగడం కన్నా, భాగం ధర, కూలి, తిరిగిన ఖర్చు, మానసిక వేదనకు పరిహారం కోరడం అక్కరకు వస్తుంది.

బయటి మెకానిక్ దగ్గరికి వెళితే వారంటీ పోతుందన్న బెదిరింపు మరొకటి. కాంపిటీషన్ కమిషన్ 2014 ఆగస్టులో 14 కార్ల కంపెనీలకు రూ.2,544 కోట్లకు పైగా జరిమానా విధించిన ఉత్తర్వులో దీన్నీ ప్రస్తావించింది. బయట బాగుచేయించినంత మాత్రాన వారంటీ మొత్తాన్ని రద్దు చేసే షరతు పెట్టరాదని, బయటి పని వల్ల కలిగిన నష్టం మేరకే నిరాకరించవచ్చని పేర్కొంది. ఆ జరిమానా తరువాత అప్పీళ్లలో వాదనలకు దారితీసింది. ఉత్తర్వు కార్లకు పరిమితమైనా, ద్విచక్ర వాహనదారు తన వాదనకు దీన్ని ఉదహరించవచ్చు. 2022 డిసెంబరు 24న కేంద్రం ప్రారంభించిన ‘రైట్ టు రిపేర్’ వెబ్‌సైటు పరిధిలోకి వాహన రంగాన్నీ చేర్చారు.

కంపెనీయే ముందుకు వచ్చిన వేళ

లోపం ఒక్కరిది కాక అనేకులది అయినప్పుడు దారి వేరు. 2021 డిసెంబరులో రాయల్ ఎన్‌ఫీల్డ్ సంస్థ 26,300 క్లాసిక్ 350 బండ్లను స్వచ్ఛందంగా వెనక్కి పిలిచింది. వెనుక డ్రమ్ బ్రేకు ఉన్న ఈ బండ్లలో స్వింగ్ ఆర్మ్‌కు అమర్చిన బ్రేక్ రియాక్షన్ బ్రాకెట్, బ్రేకుపై అసాధారణమైన ఒత్తిడి పడితే దెబ్బతినే అవకాశం ఉందని సంస్థ గుర్తించింది. ఆ ఏడాది సెప్టెంబరు 1, డిసెంబరు 5 మధ్య తయారైన వాటికి ఇది వర్తించింది. వెనుక భాగంలోని ఒక చిన్న బ్రాకెట్ కోసం వేల బండ్లను పిలవవలసి వచ్చిందంటే ఆ భాగాల ప్రాధాన్యం అర్థమవుతుంది. 2019 మోటారు వాహన సవరణ చట్టం 110ఏ సెక్షనుతో లోపభూయిష్ఠ వాహనాలను వెనక్కి పిలిపించే అధికారం ప్రభుత్వానికి వచ్చింది. నిబంధనలు 2021 ఏప్రిల్ నుంచి అమల్లో ఉన్నాయి. ఏడేళ్లలోపు వాహనాల యజమానులు కేంద్ర రవాణా శాఖకు ఆన్‌లైన్‌లో ఫిర్యాదు చేయవచ్చు. ఒకే మోడల్‌పై ఫిర్యాదులు పోగుపడితేనే విచారణకు ఆస్కారం. సణుక్కుని ఊరుకున్న ఫిర్యాదు లెక్కలోకి రాదు.

చేయవలసినవి

* బండిని మెయిన్ స్టాండుపై నిలిపి వెనుక చక్రాన్ని రెండు చేతులా పట్టి పక్కలకు ఊపి చూడాలి. చక్రంతోపాటు ఆర్మ్ కూడా కదిలితే బుష్‌ను, చక్రం ఒక్కటే కదిలితే చక్రం బేరింగును అనుమానించాలి.
* సీటును గట్టిగా అదిమి వదిలితే బండి ఒకసారి లేచి నిలవాలి. రెండు మూడుసార్లు ఊగితే షాక్ పట్టు తగ్గినట్లే. రాడ్‌పై నూనె తడి ఉందేమో చూడాలి.
* ప్రతి సర్వీసులో సమస్యను నోటితో చెప్పి ఊరుకోక, జాబ్‌కార్డులో తమ మాటల్లో రాయించాలి. తేదీ, కిలోమీటర్లు తప్పక ఉండాలి. నకలు తీసుకోవాలి.
* ‘వచ్చే సర్వీసులో చూద్దాం’ అన్న మాటకు లొంగరాదు. గడువు ముగియకముందు నమోదైన ఫిర్యాదే గడువు తరువాత పనికొస్తుంది.
* వారంటీ నిరాకరిస్తే కారణం రాతపూర్వకంగా కోరాలి. ఇవ్వకుంటే ఈ-మెయిల్‌లో కంపెనీకి రాయాలి. ఆ మెయిలే సాక్ష్యం.
* డబ్బు కట్టి మార్పించుకున్నా పాత భాగాన్ని అడిగి తెచ్చుకుని భద్రపరచాలి. ఫొటోలు తీయాలి. భాగమే లేకపోతే ప్రయోగశాలకు పంపడానికి ఏమీ మిగలదు.
* జాతీయ వినియోగదారుల సహాయ కేంద్రం నంబరు 1915. అక్కడ పరిష్కారం కాకుంటే నోటీసు పంపి కమిషన్‌ను ఆశ్రయించవచ్చు. ఫిర్యాదును 2025 జనవరిలో మొదలైన ఈ-జాగృతి ద్వారా ఆన్‌లైన్‌లోనూ దాఖలు చేయవచ్చు.

బీమా ఉంది కదా అనుకుంటే పొరపాటే. అరుగుదలను, యాంత్రిక లోపాన్ని వాహన బీమా కూడా మినహాయిస్తుంది. ప్రమాదంలో దెబ్బతిన్న రబ్బరు, ప్లాస్టిక్ భాగాల ధరలోనూ సాధారణ పాలసీ సగమే ఇస్తుంది. సమగ్ర పాలసీ ఉన్నవారికి వరద నష్టం మాత్రం వర్తిస్తుంది కనుక బండి మునిగితే చిమ్టా బోల్టును కూడా సర్వేయరుకు చూపించాలి.

కాగితమే బలం

బుష్ ధర వందల్లోనే ఉండవచ్చు. షాక్‌ల జత వేలల్లోకి వెళుతుంది. కేసుకు అయ్యే కాలం, తిరుగుడు లెక్కేసుకుని చాలామంది డబ్బు కట్టి సరిపెట్టుకుంటారు. ఈ మౌనమే ‘సహజ అరుగుదల’ అన్న మాటకు ఎదురులేకుండా చేస్తోంది. కంపెనీలు ఏ భాగం కనీసం ఎన్ని కిలోమీటర్లు మన్నాలో పుస్తకంలో ప్రకటిస్తే వివాదాల్లో సగం అక్కడే తీరుతాయి. పది వేల కిలోమీటర్లకే పోయిన బుష్‌ను, నలభై వేలకు పోయిన బుష్‌ను ఒకే మాటతో కొట్టివేసే వీలు ఉండదు. ఆ ప్రకటన వచ్చేవరకు వినియోగదారుకు మిగిలిన కొలబద్ద జాబ్‌కార్డులోని కిలోమీటర్ల అంకె ఒక్కటే. దాన్ని రాయించుకోవడానికి పట్టేది ఐదు నిమిషాలు. రాయించుకోకపోతే చట్టం ఎంత గట్టిదైనా కమిషన్ ముందు చూపడానికి చేతిలో ఏమీ ఉండదు.